గాడిదలు కనిపించాయా? ల్యాండ్‌స్కేప్ పెయింటింగ్ చరిత్ర ఆన్‌లైన్ కోర్స్: 14 క్లాసులూ చూశాక నా రివ్యూ

ముందే చెప్పేస్తా, నాకు బొమ్మలు వెయ్యడం రాదు. చిన్నప్పుడు డ్రాయింగ్ క్లాసులో అందరూ వేసిన సీనరీయే నేనూ వేశా, రెండు కొండలు, మధ్యలో సగం సూర్యుడు, కింద పాములా మెలికలు తిరిగిన నది, పక్కనో ఇల్లు, పైన మూడంకెని బోర్లా పడుకోబెట్టినట్టు నాలుగు పక్షులు, అంతే, అక్కడితో నా కళాజీవితం అయిపోయింది. చూడటం మాత్రం ఇష్టం. మ్యూజియంల వెబ్‌సైట్లలో గంటలు గంటలు తిరుగుతుంటా. కానీ ల్యాండ్‌స్కేప్ వచ్చిందంటే చాలు ఆగకుండా స్క్రోల్ చేసేసేవాణ్ని. మనిషి మొహం లేదు, కథ లేదు, ఉత్త చెట్లు, ఏముంది చూడ్డానికి, క్యాలెండర్ బొమ్మ కదా అనుకునేవాణ్ని. అలాంటి నేను ల్యాండ్‌స్కేప్ చరిత్ర మీద 14 క్లాసుల కోర్స్ కొని మొత్తం చూశానంటే మా ఇంట్లోవాళ్ళే నమ్మలేదు.

కోర్స్ పేరు, సైట్ పేరు రాయట్లేదు, ఎందుకంటే కింద తిట్లు కూడా గట్టిగానే ఉన్నాయి. రికార్డెడ్ వీడియోలు, ఒక్కో క్లాసు ముప్పావు గంట అటూ ఇటూ, ఏడాది పాటు ఎన్నిసార్లైనా చూసుకోవచ్చు, ప్రతి క్లాసు చివర ఒక క్విజ్. చెప్పేది ఒకావిడే, మొదటి నుంచి చివరిదాకా. గొంతు నెమ్మది, మొదటి పది నిమిషాలు నేను 1.5 స్పీడులో పెట్టా, తర్వాత తీసేశా. ఎందుకు తీసేశానో చెప్తా.

మొదటి క్లాసులోనే ఆవిడ ఒక పని అప్పగిస్తుంది. ఏ బొమ్మ చూపించినా ముందు అందులో మనిషిని వెతకండి, ఎక్కడున్నాడు, ఎంత ఉన్నాడు, అసలు ఉన్నాడా, అని. ఇంతే. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంది కదా, కానీ 14 క్లాసులూ ఈ ఒక్క ప్రశ్న మీదే నడిచాయి, కోర్స్‌లో బాగున్నవన్నీ ఈ ప్రశ్నని పట్టుకున్న చోట ఉన్నాయి, బోర్ కొట్టినవన్నీ దీన్ని వదిలేసిన చోట ఉన్నాయి. అది నా లెక్క.

మొదటి క్లాసు గోడల మీద బొమ్మలతో మొదలవుతుంది. గ్రీసులోని సాంటోరిని ద్వీపంలో అక్రోతిరి అని ఒక ఊరు, అగ్నిపర్వతం పేలి బూడిద కింద మూడున్నర వేల ఏళ్ళకి పైగా కప్పబడి ఉండిపోయింది. తవ్వితే ఒక గదిలో మూడు గోడల నిండా కొండరాళ్ళు, ఎర్రటి లిల్లీ మొక్కలు, ఎగిరే పిచ్చుకలాంటి పక్షులు, మనిషి మాత్రం ఒక్కడూ లేడు. ఇప్పుడది ఏథెన్స్ మ్యూజియంలో ఉంది. తర్వాత రోమ్ దగ్గర ప్రైమా పోర్టాలో అగస్టస్ చక్రవర్తి భార్య లివియా ఇంట్లోది, నేల కిందున్న గదిలో నాలుగు గోడల చుట్టూ తోట. దాన్ని చూపిస్తూ ఆవిడ ఒక మాట అంది, ఇందులో చెట్లన్నీ ఒకేసారి పూలూ కాయలూ వేసి ఉన్నాయి, నిజంగా అలా ఏ కాలంలోనూ జరగదు అని. వీడియో ఆపి దానిమ్మ కాయలు, పక్కనే పూలు, కొమ్మ మీద పిట్ట, అన్నీ చూసుకున్నా. నిజమే. అంటే ఆ పెయింటర్ కిటికీలోంచి చూసి వేసింది కాదు, మనసులో కోరుకున్న తోట వేశాడు. స్పీడ్ మామూలుకి తెచ్చింది ఇక్కడే.

ఇక చైనా క్లాసులు రెండు. ఈ కోర్స్ కొనాలా వద్దా అంటే ఈ రెండింటి కోసమే కొనొచ్చు అంటాను నేను. యూరప్‌లో ల్యాండ్‌స్కేప్ ఇంకా క్రైస్తవ సాధువుల వెనక పరదాలా వేలాడుతున్న రోజుల్లోనే చైనాలో అది అన్నిటికంటే పెద్దపీట మీద కూర్చుంది. వాళ్ళ మాట షాన్‌షుయ్, అంటే కొండ-నీళ్ళు, అంతే అర్థం. జోంగ్ బింగ్ అని ఒకాయన (375 నుంచి 443), జీవితమంతా కొండలు తిరిగి తిరిగి, ముసలితనంలో కాళ్ళు సహకరించక, తను చూసిన కొండలన్నీ గది గోడల మీద వేసుకుని పడుకునే యాత్ర చేశాడట. ఈ ముక్క విన్నాక నా ఫోన్ వాల్‌పేపర్ మీద కూడా కొంచెం గౌరవం పెరిగింది.

తర్వాత వచ్చింది ఫాన్ క్వాన్ బొమ్మ, వెయ్యో సంవత్సరం చుట్టుపక్కలది, తైపేలో నేషనల్ ప్యాలెస్ మ్యూజియంలో ఉంది. పట్టు మీద సిరా, ఎత్తు రెండు మీటర్ల పైనే. దీని ఒక్కదాని మీద ఆవిడ దాదాపు అరగంట గడిపింది. ఆ రోజు మా అక్క కూడా పక్కన కూర్చుని చూస్తోంది, దానికి బొమ్మలంటే అంత ఇదేం లేదు, ఊరికే కూర్చుంది. తెర నిండా ఒక కొండ. పైన పొదలు, కుడి పక్క చీలికలోంచి దారంలా జలపాతం, కింద పొగమంచు, దాని కింద రాళ్ళు. నేను మనిషి కోసం వెతుకుతున్నా, కొండ మీద వెతుకుతున్నా, జలపాతం దగ్గర వెతుకుతున్నా. అక్క అంది, "ఒరేయ్, ఆ గాడిదలు కనిపించాయా నీకు?" ఏ గాడిదలే అక్కా అంటే లేచెళ్ళి తెర మీద వేలు పెట్టింది. కింద కుడి మూల, చెట్ల మొదళ్ళ దగ్గర, మోతలు మోస్తున్న కంచర గాడిదలు వరసగా, వాటితో ఇద్దరు మనుషులు. చీమలంత. అవి కనిపించిన మరుక్షణం కొండ పెద్దదైపోయింది! నిజంగా. అంతవరకు అది ఒక బొమ్మ, గాడిదలు చూశాక అది మన మీదకి వాలుతున్న కొండ. ఆవిడ వీడియోలో ఏమీ చెప్పకుండా అలా ఒక నిమిషం పైగా వదిలేసింది, ఇంకొకరైతే ఎర్ర బాణం గుర్తు పెట్టేసేవాళ్ళు. ఇంకో సంగతి, ఫాన్ క్వాన్ సంతకం ఆ గాడిదల పక్కనే ఆకుల్లో దాచి ఉంది, అది 1958 దాకా ఎవరి కంటా పడలేదు. తొమ్మిది వందల ఏళ్ళకి పైగా! అక్క ఆ మాట విని, "చూశావా, నేనైతే ఒక నిమిషంలో పట్టేదాన్ని" అంది. గాడిదలు పట్టావు, సంతకం పట్టలేదు కదే అన్నా, దానికి జవాబు లేదు.

గువో షీ 1072లో వేసిన తొలి వసంతం బొమ్మ కూడా చాలా బాగా చెప్పింది. కింద నుంచి పైకి చూస్తే ఒక దూరం, ముందు నుంచి కొండల లోపలికి చూస్తే ఒక దూరం, దగ్గరి కొండ మీంచి అవతలి కొండలకి చూస్తే ఇంకో దూరం, మూడు దూరాలూ ఒకే బొమ్మలో. మన కన్ను ఒకచోట నిలబడి చూస్తుందని వాళ్ళు అనుకోనేలేదు, నడుస్తూ చూస్తుందనుకున్నారు.

ఇక్కడే మొదటి కంప్లయింట్. 1113లో వాంగ్ షీమెంగ్ అనే 18 ఏళ్ళ కుర్రాడు వేసిన, చుట్టి పెట్టుకునే పెద్ద బొమ్మ ఉంది, వెయ్యి 'లీ'ల (లీ అంటే చైనావాళ్ళ దూరం కొలత) నదులు-కొండలు అని పేరు, పొడవు దాదాపు 12 మీటర్లు, ఎత్తు అర మీటరే, నీలం పచ్చ రంగులు రాళ్ళు నూరి చేసినవి, తొమ్మిది శతాబ్దాలయినా ఇప్పటికీ మెరుస్తున్నాయి. ఇలాంటివి గోడకి తగిలించేవి కావు, రెండు చేతులతో పట్టుకుని కుడి నుంచి ఎడమకి కొంచెం కొంచెం విప్పుతూ, అటు చుడుతూ చూసేవి, ఆవిడ ఇది ఎంతో వివరంగా చెప్పింది. చెప్పింది కదా, కోర్స్ యాప్‌లో ఇచ్చిన జూమ్ వ్యూయర్ మాత్రం బొమ్మని ఎడమ చివర నుంచి తెరుస్తుంది! అంటే కథ క్లైమాక్స్ నుంచి వెనక్కి. పైగా జూమ్ కొంచెం ఎక్కువ చేస్తే గళ్ళు గళ్ళుగా పగిలిపోతుంది, ఇంకొంచెం చేస్తే యాప్ మూసుకుపోతుంది. మూడు సార్లు మూసుకుపోయాక ఆ బొమ్మని వేరే చోట వెతుక్కుని పెద్ద సైజులో చూశా. పడవలు, వంతెనలు, ఇళ్ళు, ఇళ్ళ ముందు మనుషులు, ఒక్కొక్కడూ ఆవగింజంత. డబ్బు తీసుకుని ఇచ్చే వ్యూయర్ ఇలా ఉంటే ఎలా.

నాలుగో క్లాసు నుంచి యూరప్. ఇక్కడ ఆవిడ ప్రశ్న ఇంకా పదునెక్కింది, ఎందుకంటే యూరప్‌లో చాలా కాలం ప్రకృతిని వెయ్యాలంటే ఒక సాకు కావాలి. సాధువు ఉండాలి, మేరీమాత ఉండాలి, లేదా పాలన గురించి నీతి ఉండాలి. ఇటలీలోని సియెనా నగర సభా భవనంలో అంబ్రోజియో లోరెంజెట్టి 1338-39లో వేసిన గోడ బొమ్మలో ఊరి బయట పొలాలు, కొండలు, దారిలో బరువులు తోలుకెళ్ళేవాళ్ళు, ఎంత ముచ్చటగా ఉంటాయో, కానీ అవి ఉన్నది మంచి పాలన ఉంటే పల్లె ఇలా ఉంటుందని చెప్పడానికి. లియొనార్డో 21 ఏళ్ళప్పుడు 1473 ఆగస్టు 5 అని తారీఖు వేసి మరీ ఆర్నో లోయని పెన్నుతో గీశాడు, అందులో నీతీ లేదు సాధువూ లేడు, కానీ అది కాగితం మీద గీత, అమ్మకానికి పెట్టిన పెయింటింగ్ కాదు. పాటినిర్ అనే పెయింటర్ బొమ్మల్లో సాధువు ఉంటాడు గానీ వెతుక్కోవాలి, ముందు గోధుమ రంగు నేల, మధ్యలో పచ్చ, దూరంగా నీలం, ఆ మూడు పొరల మధ్య ఎక్కడో ఒక రాతి కింద కూర్చుని ఉంటాడు పాపం. 1521లో డ్యూరర్ అనే జర్మన్ పెయింటర్ తన డైరీలో పాటినిర్‌ని మంచి ల్యాండ్‌స్కేప్ పెయింటర్ అని రాసుకున్నాడు, అంటే అప్పటికి అది ఒక పనిగా పేరు తెచ్చుకుందన్నమాట. ఇంచుమించు ఆ రోజుల్లోనే ఆల్ట్‌డోర్ఫర్ అని జర్మనీ ఆయన ఒక చిన్న బొమ్మలో సాధువుని పూర్తిగా తీసేశాడు. చెట్టు, చిన్న వంతెన, గోడ, ఆకాశం. అంతే. బొమ్మ చిన్నది గానీ ధైర్యం చిన్నది కాదు.

బ్రూగెల్ క్లాసు చూస్తే దుప్పటి కప్పుకోవాలనిపిస్తుంది. 1565లో మంచులో వేటగాళ్ళు. ఒక వ్యాపారి ఇంటి కోసం ఏడాది కాలాలన్నీ వరసగా వేసిన బొమ్మల్లో ఒకటి, ఆ వరసలో ఇప్పుడు అయిదే మిగిలాయి, మూడు వియన్నాలో ఉన్నాయి. ముగ్గురు వేటగాళ్ళు మనకి వీపు చూపించి కొండ దిగుతున్నారు, వెంట బోలెడు కుక్కలు, తలలు వంచుకుని. ఇంత మంది వెళ్ళి తెచ్చింది ఒకే ఒక్క నక్క. పక్కన సత్రం బోర్డు ఒక కొక్కెం ఊడి వంకరగా వేలాడుతోంది, ఎవరూ సరిచెయ్యలేదు. కింద గడ్డకట్టిన చెరువుల మీద జారుతూ ఆడుకుంటున్న మనుషులు చుక్కల్లా, ఇంకా దూరంగా ఒక ఇంటి పొగగొట్టం అంటుకుంటే ఆర్పడానికి పరిగెడుతున్నవాళ్ళు. ఇవన్నీ ఆవిడ ఒకటొకటే చూపిస్తుంటే, ఇక్కడ మనుషులు చిన్నగా ఉన్నా ఎవడి బతుకు వాడికి ఫుల్ సైజులో ఉంది కదా అనిపించింది. ఫాన్ క్వాన్ గాడిదలతో పోల్చి చూడండి అని ఆవిడ అడగలేదు, అడిగుంటే బాగుండేది, నేనే రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టుకుని చూశా.

డచ్ వాళ్ళ మీద రెండు క్లాసులు. మొదటిది డబ్బు గురించి, చాలా నచ్చింది. 17వ శతాబ్దంలో హాలండ్‌లో చర్చిలు బొమ్మలు కొనడం దాదాపు మానేశాయి, కొనేది మామూలు వ్యాపారులు, చేతిపని వాళ్ళు, వాళ్ళ ఇళ్ళ గోడలకి. సాకు అవసరం తీరిపోయింది, తమ ఊరి పొలం, తమ ఆకాశం చాలు. వాన్ గోయెన్ అనే ఆయన నాలుగు రంగులతో చకచకా వేసేసేవాడు, పన్నెండొందలకి పైగా పెయింటింగ్స్ మిగిలున్నాయి. అంత పనిచేసినవాడు 1637లో తులిప్ దుంపల వ్యాపారం కూలిపోవడానికి సరిగ్గా ముందు దుంపలు కొని మునిగిపోయాడు, అప్పులతోనే పోయాడు. రెండో క్లాసు రూయిస్‌డాల్ అనే పెయింటర్ గురించి. హార్లెమ్ ఊరి బయట బట్టలు తెల్లబరచడానికి నేల మీద ఆరేసిన బొమ్మలో మూడింట రెండొంతులు మేఘాలే, ఊరు కింద గీతలా ఉంటుంది, చర్చి ఒక్కటే కొంచెం తల ఎత్తుతుంది. మేఘంలో సందు దొరికిన చోట కింద బట్టల మీద ఎండ పడింది. మధ్యలో ఒక మంచి ముక్క కూడా చెప్పింది, ల్యాండ్‌స్కేప్ అనే మాట ఇంగ్లీషులోకి డచ్ పెయింటర్ల నుంచి వచ్చింది, మొదట దాని అర్థం ప్రకృతి బొమ్మ అని, కళ్ళ ముందున్న దృశ్యాన్ని అలా పిలవడం తర్వాత వచ్చింది. అంటే మాట లెక్కన బొమ్మ ముందు, దృశ్యం తర్వాత.

క్లాడ్ లొరాన్ (17వ శతాబ్దంలో రోమ్‌లో స్థిరపడిన ఫ్రెంచ్ పెయింటర్) క్లాసు నాకు అంత ఎక్కలేదు. పక్కన నల్లటి చెట్టు, మధ్యలో నీళ్ళు, దూరంగా బంగారు వెలుగు, ఏ బొమ్మ చూసినా అదే అమరిక, మనుషులు పురాణ కథలవాళ్ళు, వాళ్ళు లేకపోయినా తేడా ఉండదు. కానీ ఆయన వల్ల జరిగినవి మాత్రం సరదాగా ఉన్నాయి. దొంగ క్లాడ్‌లు బయల్దేరాయని తను వేసిన దాదాపు ప్రతి బొమ్మకీ ఒక నకలు గీసి పుస్తకంలో దాచుకున్నాడు, అది ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. 18వ శతాబ్దం టూరిస్టులైతే ఆయన బొమ్మలా కనిపించాలని క్లాడ్ గ్లాస్ అనే నల్లటి ఉబ్బెత్తు అద్దం వెంట తీసుకెళ్ళి, అసలు దృశ్యానికి వీపు తిప్పి నిలబడి, అద్దంలో చూసి మురిసిపోయేవాళ్ళు. మనం సెల్ఫీలని ఊరికే తిడుతున్నాం. ఇదే క్లాసులో పారిస్ అకాడమీ వాళ్ళ మెట్లు కూడా చెప్పింది, పైన చరిత్ర, పురాణ కథలు, తర్వాత మనుషుల బొమ్మలు, ల్యాండ్‌స్కేప్ బాగా కింద, పూలూ పళ్ళ బొమ్మల కంటే కొంచెం పైన. ఇది నాలుగో క్లాసులోనే చెప్పుంటే ఆ సాకుల గొడవంతా ఇంకా బాగా అర్థమయ్యేది.

సబ్‌టైటిల్స్ సంగతి ఇక్కడ చెప్పాలి. మెషీన్ చేసినవే, ఎవరూ సరిచూసినట్టు లేరు. క్లాడ్ అన్న ప్రతిచోటా క్లౌడ్ అని పడింది. క్లాసంతా మేఘం రోమ్ వెళ్ళింది, మేఘం బొమ్మలు అమ్ముకుంది, మేఘానికి దొంగ నకళ్ళ భయం. పోనీలే అని నవ్వుకుంటే, తర్వాతి క్లాసు కాన్‌స్టబుల్ అనే ఇంగ్లీషు పెయింటర్ నిజంగానే మేఘాలు వేసిన క్లాసు, అందులో కాన్‌స్టబుల్‌కి క్లాడ్ అంటే ప్రాణం అని వచ్చినప్పుడు ఏది ఏదో తెలియక రెండుసార్లు వెనక్కి తిప్పి విన్నా. చైనా పేర్ల గతి అయితే చెప్పక్కర్లేదు.

కాన్‌స్టబుల్ క్లాసు మాత్రం కోర్స్‌లో రెండో బెస్ట్. 1821, 22లో లండన్ దగ్గర హాంప్‌స్టెడ్‌లో కూర్చుని చిన్న చిన్న కాగితాల మీద ఆకాశం ఒక్కటే, పెయింటుతో, గంటలోపు పూర్తిచేసి, వెనకాల తారీఖు, టైము, గాలి ఎటు వీస్తోంది, రాసుకునేవాడు. కొన్నిటిలో అసలు నేలే లేదు. మనిషిని వెతకమన్న ఆవిడ ఇక్కడ అంది, మనిషి బొమ్మ వెనకాల ఉన్నాడు, ఆ చేతిరాతలో, అని. నాకు భలే నచ్చింది ఆ మాట. అదే 1821లో వేసిన హే వెయిన్, గడ్డి బండి నీళ్ళలో నిలబడిన బొమ్మ, లండన్‌లో పెడితే ఎవరూ కొనలేదు, 1824లో పారిస్‌లో సలాన్ అనే పెద్ద బొమ్మల ప్రదర్శనలో పెడితే బంగారు పతకం వచ్చింది. ఇంట్లో పప్పు ఉడకనివాడికి పక్కూళ్ళో పెళ్ళి భోజనం అన్నట్టు.

తర్వాత రొమాంటిక్ వాళ్ళు, అంటే ప్రేమ కథలు కాదు, ప్రకృతి ముందు మనసులో లేచే అలజడిని వేసినవాళ్ళు. ఫ్రెడ్రిక్ వేసిన సముద్రం ఒడ్డున సన్యాసి (1808-10) బెర్లిన్‌లో ఉంది. ఇసుక ఒక పట్టీ, సముద్రం నల్లగా ఒక పట్టీ, మిగతాదంతా ఆకాశం, ఒక్క మనిషి నిలువు గీతలా. ఇన్‌ఫ్రారెడ్‌లో చూస్తే ఫ్రెడ్రిక్ మొదట ఓడలు కూడా గీసి తర్వాత తీసేశాడని తెలిసింది. అప్పట్లో క్లైస్ట్ అనే రచయిత దీన్ని చూస్తే కనురెప్పలు కోసేసినట్టు ఉంటుందని రాశాడు, చదవగానే కళ్ళు మూసుకున్నా. టర్నర్‌కి ఆవిడ ఇచ్చిన టైము తక్కువ, 1844 రైలు బొమ్మలో పట్టాల మీద రైలుకి ముందు పరిగెడుతున్న కుందేలుని చూపించింది, ఇప్పుడది రంగులో కలిసిపోయి కనిపించీ కనిపించనట్టు ఉంది. మనిషి కోసం వెతికితే కుందేలు దొరికింది, అదీ మాయమైపోతోంది. ఇంత మంచి సంగతి చెప్పి రెండు నిమిషాల్లో దాటేయడం అన్యాయం.

ఇంప్రెషనిస్టుల (మారే వెలుగుని గబగబా పట్టుకుని వేసిన మోనే లాంటి ఫ్రెంచ్ పెయింటర్ల) క్లాసులో నాకు ఆవిడతో పేచీ ఉంది. 1841లో జాన్ రాండ్ అనే అమెరికన్ పెయింటర్ రంగుల ట్యూబుకి పేటెంట్ తీసుకున్నాడు, అంతకు ముందు రంగు పంది మూత్రాశయం తిత్తుల్లో కట్టి అమ్మేవాళ్ళు, గుచ్చి పిండుకోవాలి, ఎండిపోయేది, కారిపోయేది. ట్యూబు వచ్చింది, రైలు వచ్చింది, పెయింటర్లు బయటికి పరిగెత్తారు, మోనే పుట్టాడు, అన్నట్టు చెప్పేసింది. అంత సింపుల్ అయితే వాలెన్‌సియెన్ అనే ఫ్రెంచ్ పెయింటర్ సంగతేంటి? ట్యూబుకి అరవై ఏళ్ళ ముందే, 1780లలో రోమ్‌లో ఆరుబయట నూనె రంగులతో ఒకే ఇంటి పైకప్పుల్ని ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి వేశాడు, లూవ్ర్‌లో ఉన్నాయి. పైగా ఆయన్ని తొమ్మిదో క్లాసులో చూపించింది ఆవిడే! నా ఉద్దేశంలో ట్యూబు పని సులువు చేసింది, అంతే. మారింది ఏంటంటే ఆ గబగబా వేసిన ముక్కనే పూర్తయిన బొమ్మగా గోడకి తగిలించే తెగువ. వాలెన్‌సియెన్ వాటిని స్టూడియోలో సాధనగా చూసుకున్నాడు, మోనే 1891లో గడ్డివాముల బొమ్మలు 15 వరసగా పెట్టి ఇదే బొమ్మ అన్నాడు. వెలుగు మారగానే ఒక కాన్వాస్ పక్కన పెట్టి ఇంకోటి అందుకునేవాడట. ఈ వాముల్లో మనిషి లేడు, ఉన్నది వాడు కోసిపెట్టిన పంట.

జపాన్ క్లాసు ఇంప్రెషనిస్టుల తర్వాత పెట్టడం నాకు నచ్చలేదు, వాళ్ళ బొమ్మలు చూసే కదా మోనేలు నేర్చుకుంది. హొకుసాయ్ అల బొమ్మలో పడవల్లో తలలు వంచుకున్న మనుషుల్ని, అల కింద గుప్పెడంత ఫ్యూజీ కొండని చూపించి, ఇక్కడ కొండే చిన్నదైపోయింది చూడండి అంది. బాగుంది, కానీ ఇరవై నిమిషాల్లో సెషూ, హొకుసాయ్, హిరోషిగె అందరూ అయిపోయారు.

అమెరికా క్లాసు సినిమాలా ఉంటుంది. ఫ్రెడరిక్ చర్చ్ 1859లో ఆండీస్ పర్వతాల బొమ్మ, మూడు మీటర్ల వెడల్పు, న్యూయార్క్‌లో ఒక గదిలో పరదాల మధ్య పెట్టి 25 సెంట్లు టికెట్ పెట్టాడు, పన్నెండు వేల మందికి పైగా కొనుక్కుని వచ్చారు, ఆకులూ పిట్టలూ చూడ్డానికి నాటకాలకి తీసుకెళ్ళే దుర్భిణీలు వెంట తెచ్చుకున్నారు. థామస్ మోరాన్ 1871లో సర్వే బృందంతో ఎల్లోస్టోన్ వెళ్ళి వేసిన వాటర్‌కలర్స్ కాంగ్రెస్‌లో చూపించారు, 1872లో అది నేషనల్ పార్క్ అయింది, తర్వాత ఆయన పెద్ద బొమ్మని కాంగ్రెస్ 10,000 డాలర్లకి కొంది. మనిషిని వెతకండి అనే ప్రశ్న ఇక్కడ గుచ్చుకుంటుంది, ఎందుకంటే ఆ నేల మీద తరతరాలుగా బతుకుతున్న తెగలవాళ్ళు ఉన్నారు, చాలా బొమ్మల్లో వాళ్ళు లేరు, ఉన్నా అలంకారానికి ఒక మూల. ఖాళీగా వేస్తే ఖాళీ నేల అని నమ్మేస్తారు చూసేవాళ్ళు. ఆవిడ దీన్ని మెత్తగా, కానీ తప్పించుకోకుండా చెప్పింది.

మరి ఇండియా? ఆరు నిమిషాలు. నేను టైము చూసుకున్నా. థామస్, విలియం డేనియల్, బాబాయ్ అబ్బాయ్ ఇద్దరూ 1786లో వచ్చి ఊరూరా తిరిగి, 1795 నుంచి 1808 దాకా 144 ప్రింట్లు అచ్చువేశారు, అది చెప్పి ముగించేసింది. ఇక్కడివాళ్ళు ఏం వేశారో చెప్పకుండా ఇక్కడికి వచ్చినవాళ్ళు ఏం వేశారో చెప్తే ఎలా. హిమాలయ కొండ ప్రాంతాల పహాడీ బారామాసా బొమ్మలు ఉన్నాయి కదా, పన్నెండు నెలలకి పన్నెండు, వానాకాలం నెలలో నల్లటి మబ్బులో బంగారు పాములా మెరుపు, తెల్ల కొంగల బారు, ముందు నాయికా నాయకులు. బ్రూగెల్ నెలల బొమ్మల పక్కన పెట్టి చూపిస్తే ఎంత బాగుండేది, ఒకచోట కాలం మనిషి మనసు చెప్పడానికి, ఇంకోచోట మనిషి కాలం సంగతి చెప్పడానికి. మనిషి-సైజు ప్రశ్నకి ఇంతకంటే మంచి జవాబు కోర్స్ మొత్తంలో లేదు, దాన్నే వదిలేశారు.

ఆఖరి క్లాసు ఎవరో వెనక నుంచి తరుముతున్నట్టు ఉంది. సెజాన్ సెయింట్ విక్టోయర్ కొండని మళ్ళీ మళ్ళీ వెయ్యడం, వాంగో 1889 నక్షత్రాల రాత్రి, 1970లో స్మిత్‌సన్ అమెరికాలో ఉప్పు సరస్సులోకి రాళ్ళూ మట్టీ పోసి సుడి తిరిగినట్టు కట్టిన దారి, హాక్నీ 50 కాన్వాసులు అతికించి వేసిన చెట్లు, అన్నీ ముప్పావు గంటలో. స్మిత్‌సన్ దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగాలి అనిపించింది, బొమ్మలో గాడిదల వెంట నడిచే ఆ చిన్న మనిషి స్థానంలో ఇప్పుడు చూసేవాడే నడవాలి కదా. ఆవిడ ఆగలేదు.

ఎవరు కొనొచ్చు అంటే, బొమ్మలు వెయ్యడం నేర్చుకుందామనుకునేవాళ్ళు కొనకండి, ఇందులో బ్రష్ పట్టడం గురించి ఒక్క ముక్క లేదు. మొత్తం చరిత్ర వరసగా కావాలన్నా ఇది కాదు, ఖాళీలు చాలా ఉన్నాయి. ఒక బొమ్మ ముందు అరగంట కూర్చోగలను అనుకుంటే మాత్రం కొనండి, పెద్ద తెర మీద చూడండి, ఫోన్‌లో వద్దు, పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకోండి, బొమ్మల గురించి తెలియని వాళ్ళయితే ఇంకా మంచిది. 2, 3, 5, 9 క్లాసులు రెండుసార్లు చూడదగ్గవి. స్టార్లు అడిగితే ఆవిడకి నాలుగున్నర, యాప్‌కి ఒకటి, అదీ లాగిన్ అవుతుంది కాబట్టి.

క్విజ్‌ల గురించి ఎంత తక్కువ చెప్తే అంత మంచిది. ఆవిడ క్లాసంతా చూడండి చూడండి అంటుంది, క్విజ్‌లో అడిగేది మాత్రం ఏ సంవత్సరం, ఏ ఊరి మ్యూజియం. జపాన్ క్విజ్‌లో హొకుసాయ్ ఫ్యూజీ కొండ 36 దృశ్యాల వరసలో మొత్తం ఎన్ని ప్రింట్లు అని అడిగారు. పేరులో 36 ఉన్నా జనానికి నచ్చి ఇంకో 10 కలిపారు, మొత్తం 46, ఆవిడ క్లాసులో నోటితో చెప్పింది కూడా. 46 కొట్టా, తప్పు అని ఎర్రగా వచ్చింది. సపోర్ట్ వాళ్ళకి క్లాసు నంబరు, నిమిషం, సెకను అన్నీ రాసి మెయిల్ పెట్టా. మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు అని మర్నాడే జవాబొచ్చింది. నెలన్నర అయింది. నిన్న రాత్రి అక్క కూడా ఆ క్విజ్ చేస్తానంటే ఇచ్చా, ముందే చెప్పా 36 కొట్టవే మార్కు కావాలంటే అని. "ఎందుకు కొట్టాలిరా" అని 46 కొట్టి ఎర్ర గుర్తు తెచ్చుకుంది.